రాజధాని కూలినా ఆగని కాలువలు: విజయనగర సాగునీటిలో నీటికీ నేలకూ గల తూకం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పాఠకులకు ప్రాచీన నగరం, సాగునీరు అన్న మాటలు కలిపి వినగానే ముందుగా స్ఫురించేది నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయను 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖ వారు త్రవ్వి, దొరికినంత మేరకు కట్టడాలను, శిల్పాలను కొండపైకి చేర్చారు. ఆ తరువాత లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. పొలాలకు నీరు రావడం కోసం ఒక పాత నగరం నీటి అడుగుకు చేరింది. తుంగభద్ర ఒడ్డున హంపీలో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ నగరం శిథిలమయింది, నగరాన్ని పోషించడానికి త్రవ్విన కాలువలు నేటికీ పారుతున్నాయి.

విజయనగర స్థాపన 1336లో జరిగినట్లు సంప్రదాయం చెబుతుంది. 1565లో రాక్షసి-తంగడి యుద్ధం తరువాత నగరం కొల్లగొట్టబడి, కొద్దికాలంలోనే నిర్మానుష్యమయింది. 1986లో హంపీ ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. విరూపాక్షాలయం నుండి రాజప్రాసాదాల ఆవరణకు వెళ్లే యాత్రికుడు నడుమ ఒక పచ్చని లోయను దాటుతాడు. అరటి, చెరకు, వరి, కొబ్బరి. ఇరువైపులా ఎండకు కాలిన గ్రానైటు గుట్టలు. ఆ తోటలకు నీరిచ్చేది తుర్తు కాలువ. మండపాల వయస్సు అడిగే యాత్రికుడు కాలువ వయస్సు అడగడు. నగరంలోని కట్టడాలన్నింటిలో కట్టినప్పటి పనిని ఇప్పటికీ చేస్తున్నది ఏదని ప్రశ్నించుకుంటే, దేవాలయాలను మినహాయిస్తే ఈ కాలువలనే ముందు చెప్పవలసి ఉంటుంది. వ్యవసాయ శాస్త్రవేత్త తెలుసుకోవలసింది అవి ఎందుకు నిలిచాయన్నది. సమాధానం రాతిపనిలో కొంత ఉంది. నీటికీ నేలకూ మధ్య పాటించిన తూకంలో అంతకంటే ఎక్కువ ఉంది.

నది, రాయి, ఆనకట్ట

హంపీ పరిసరాలలో ఏటా కురిసే వర్షం సగటున 500 నుండి 600 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అది కూడా నమ్మదగినది కాదు. ఆ వానతో జొన్న, ఉలవ పండుతాయి కాని ఒక మహానగరానికి కావలసిన వరి, చెరకు, తమలపాకు పండవు. అయితే తుంగభద్ర నీరు ఈ మెట్టప్రాంతపు వానతో వచ్చేది కాదు. తుంగ, భద్ర రెండూ పడమటి కనుమలలో పుడతాయి. నైరుతి ఋతుపవనాలు ఆ కనుమలను తడిపితే, వాన ఎరుగని ఈ ప్రాంతానికి జూన్, జూలై నెలలలో నీరు వస్తుంది. పొరుగు వానను వాడుకోవడమే ఇక్కడి సాగుకు ఆధారం.

హంపీ దగ్గర నది గ్రానైటు బండల మధ్య పాయలుగా చీలి, మంచి వాలుతో దిగుతుంది. ఆనకట్ట కట్టేవారికి ఇంతకంటే అనువైన చోటు అరుదు. నదిని ఒక చివర నుండి మరొక చివరకు మూసే గోడ అక్కరలేదు. బండకూ బండకూ మధ్య ఉన్న సందులను పెద్ద రాళ్లతో పూడ్చి, అవసరమైన చోట ఇనుప బందులు వేసి, నీటి మట్టాన్ని కొద్ది అడుగులు ఎత్తితే చాలు, నీరు ప్రక్కనున్న కాలువలోకి మళ్లుతుంది. సున్నం వాడని ఈ కట్టుబడిలో నీరు కారుతుంది. వరద వచ్చినప్పుడు గోడ మునిగిపోయి, వరదతో పాటు ఇసుక, ఒండ్రు చాలా మేరకు దాని మీదుగా దాటిపోతాయి. కారిపోయిన నీరు వృథా కాదు, దిగువన ఉన్న మరొక ఆనకట్ట దానిని పట్టుకుంటుంది. వరుసగా కట్టిన ఆనకట్టలలో ఎగువవాని నష్టం దిగువవాని వాటా అయింది.

నీటిని నిల్వ చేసే కట్టడానికి పూడిక అనివార్యం. నీటిని మళ్లించే కట్టడానికి ఆ బెడద చాలా తక్కువ. పోలిక కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఇదే నదిపై హంపీకి కొద్ది మైళ్ల ఎగువన 1945లో మొదలుపెట్టి 1953లో నీరు వదలిన తుంగభద్ర జలాశయం తొలి సామర్థ్యం సుమారు 133 టి.ఎం.సి.లు. 2016 నాటి కొలతలలో అది సుమారు 105 టి.ఎం.సి.లుగా తేలింది. ఒక మనిషి జీవితకాలంలో ఐదవ వంతు పూడిపోయింది.

తొలినాటి రాజు ఒకరు నదికి అడ్డంగా పెద్ద బండలను దొర్లించి కట్ట కట్టించి, నగరంలోకి కాలువ తెప్పించిన వైనాన్ని పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావో నూనిజ్ పదహారవ శతాబ్దిలో వ్రాశాడు. ఆ నీటి వలన రాజు ఆదాయం మూడున్నర లక్షల పర్దావులకు పైగా పెరిగిందని కూడా పేర్కొన్నాడు. విదేశీయులు విన్నంత వ్రాసే అంకెలను అక్షరాలా నమ్మనక్కరలేదు. కాలువ త్రవ్వకం పుణ్యకార్యంగా మాత్రమే గాక, రాబడి లెక్కలతో జరిగిన పని అని చెప్పడానికి ఆ కథనం చాలు. ఇందులోని కట్ట నేటి తుర్తు ఆనకట్టయేనని పరిశోధకులు భావిస్తారు.

తుర్తుతో పాటు రాయ, బసవన్న, బెల్ల, కంప్లి, సిరుగుప్ప, ఆనెగొంది, గంగావతి కాలువలు నదికి రెండు వైపులా ఉన్నాయి. వీటిలో రాయ, బసవన్న కాలువలకు నీరందించిన వల్లభాపురం ఆనకట్ట నేడు తుంగభద్ర జలాశయంలో మునిగి ఉంది. అయినా ఆ కాలువలు ఎండలేదు, జలాశయం నుండే వాటికి నీరు ఇస్తున్నారు. పాత హక్కును కొత్త డ్యాము గౌరవించక తప్పలేదు.

కాలువల మార్గం గమనించదగినది. అవి గుట్టల పాదాలను ఒరుసుకుంటూ, సమమట్టపు రేఖను అనుసరించి వంకరలు తిరుగుతూ సాగుతాయి. ఎగువ వైపు కొండరాయి గట్టుగా పనిచేస్తుంది, పారుదల అంతా దిగువ వైపుకే. రాయ కాలువ నీరు కమలాపురం చెరువుకు కూడా చేరుతుంది. కొండవాగుల వాననీటికి తోడు కాలువ నీటిని కూడా పట్టే చెరువు అది. పొలాలకు అవసరం లేని రోజున కాలువలో పారే నీరు నదిలోకి తిరిగిపోకుండా చెరువులో నిలవడం మంచి ఏర్పాటు. కాలువ చివరన చెరువు ఉంటే చివరి రైతుకు ఎంత ధైర్యమో సాగర్ కుడికాలువ క్రింద ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

యాత్రికులు ఎక్కువగా చూసేది రాజావరణలోని నీటి ఏర్పాటులను. రాతి స్తంభాలపై సాగే తొట్టి కాలువ, మట్టి గొట్టాలు, 1980లలో త్రవ్వకాలలో బయటపడిన మెట్ల పుష్కరిణి. పుష్కరిణిలోని నల్లరాతి దిమ్మెలపై అది ఏ దిక్కున, ఏ వరుసలో అమరవలసినదో తెలిపే గుర్తులు చెక్కి ఉన్నాయి. 1443లో ఇక్కడికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ రాజమందిరాల దగ్గర నునుపైన రాతి కాలువలలో నీరు పారుతుండడం చూసి వ్రాశాడు. ఇదంతా నేర్పుగల పనే. కాని అది త్రాగునీటికి, స్నానానికి, ఉత్సవానికి ఉద్దేశించినది. సాగుకు నీరిచ్చిన కాలువలో చెక్కడాలు లేవు. బహుశా అందుకే దాని ఫోటోలు తక్కువ.

మెట్ట పొలాల రాజధాని

విజయనగరం చుట్టూ అంతా మాగాణి అనుకోవడం పొరపాటు. కాలువల క్రింది భూమి లోయలకు, నదీతీరానికి పరిమితం. మిగిలినదంతా వానాధారమే. నగర పరిసరాలను ఏళ్ల తరబడి సర్వే చేసిన కాథ్లీన్ మారిసన్, కార్లా సినోపోలి బృందం గుట్టల వాలులలో చిన్న చిన్న వాననీటి చెరువులను, మట్టి కోతను ఆపే రాతి వరుసలను నమోదు చేసింది. కమలాపురం చెరువు అడుగు నుండి తీసిన ఒండ్రులోని పుప్పొడి, బొగ్గు రేణువులను కూడా మారిసన్ పరిశీలించింది. 1995లో వెలువడిన ఆమె గ్రంథం సారాంశం ఒకటి ఇక్కడ ముఖ్యం. సాగు సాంద్రత పెరగడం అంటే మెట్ట నుండి మాగాణికి మెట్లెక్కినట్లు మారడం కాదు. కాలువ, చెరువు, మెట్ట మూడూ ఏకకాలంలో, ప్రక్కప్రక్కనే కొనసాగాయి. అయితే వాననీటి చెరువులలో చాలా భాగం పూడికతో పనికిరాకుండా పోయాయి. కాలువలు నిలిచాయి.

చెరువుల కథలో కష్టం తక్కువ కాదు. కృష్ణదేవరాయల కాలంలో నగరాన్ని చూసిన డొమింగో పేస్ ఒక పెద్ద చెరువు నిర్మాణాన్ని వర్ణించాడు. పదిహేను, ఇరవై వేల మంది అక్కడ పనిచేస్తుండగా చూశానన్నాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిందని, బలి ఇస్తేనే నిలుస్తుందని బ్రాహ్మణులు చెప్పగా మనుషులను, గుర్రాలను, దున్నలను బలి ఇచ్చారని వ్రాశాడు. గోవా నుండి పంపబడిన ఒక పోర్చుగీసు శిల్పి సహాయం గురించి నూనిజ్ చెబుతాడు. ప్రాచీన నీటిపారుదలను కీర్తించే వ్యాసాలలో ఈ భాగం సాధారణంగా కనిపించదు. కట్ట తెగడానికి కారణం పునాది, జారుడు, అలుగు చాలకపోవడం వంటివి. వాటి మూల్యం చెల్లించినవారు కట్ట మీద మట్టి మోసినవారే.

అదే కథనంలో వ్యవసాయదారునికి పనికివచ్చే ఒక వివరం ఉంది. ఆ నీటి క్రింది భూములను తొమ్మిదేళ్లు పన్ను లేకుండా ఇచ్చారు. మెట్టను మాగాణిగా మార్చాలంటే చదును, గట్లు, పిల్ల కాలువలు, ఎరువు అవసరం. మొదటి పంట నుండే పన్ను వసూలు చేస్తే రైతు ఆ పెట్టుబడి పెట్టడు. గడువు ఇచ్చిన తరువాత ఇరవై వేల పర్దావుల రాబడి వచ్చిందని నూనిజ్ లెక్క. నిర్వహణ విషయంలో కూడా ఇటువంటి ఏర్పాటే ఉండేది. చెరువు కట్టినవారికి, మరమ్మతు చేసేవారికి ఆయకట్టులో కొంత భూమిని మాన్యంగా ఇచ్చే దశబంధం రాయలసీమ శాసనాలలో తరచుగా కనిపిస్తుంది. తిరుమలకు దాతలు సమర్పించిన ధనాన్ని ఆలయ గ్రామాలలో కాలువలు, చెరువులు త్రవ్వడానికి వినియోగించి, పెరిగిన పంటతో నైవేద్యాలు జరిపించిన శాసనాలు కూడా ఉన్నాయి.

పోరుమామిళ్ల శాసనంలోని ఐదవ, ఆరవ దోషాలు

నీటికీ నేలకూ గల తూకాన్ని ఆ కాలపువారు మాటలలో కూడా పెట్టారు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువుకు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. వేయి మంది కూలీలు, రాళ్లు మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టినట్లు అది చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా పేర్కొంటుంది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి నేల, దూరం నుండి వచ్చే తియ్యని నీటి ఏరు, రెండు కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట, దగ్గరలో రాతి గని, నేర్పరులైన పనివారు మొదలైనవి అంగాలు. కట్ట నుండి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు మధ్యలో మిట్ట ఉండడం మొదటి నాలుగు దోషాలు. ఐదవది, నీరు తక్కువై సాగుచేయవలసిన భూమి ఎక్కువ కావడం. ఆరవది, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం.

సరిహద్దు దోషం చదివి నేటి నదీజల వివాదాలను తలచుకోని తెలుగు పాఠకుడు ఉండడు. కాని వ్యవసాయ శాస్త్రపరంగా బరువైనవి చివరి రెండే.

ప్రకాశం ప్రాంతంలోని కంభం చెరువు ఈ అంగాలకు దగ్గర ఉదాహరణ. గుండ్లకమ్మ రెండు కొండల మధ్య ఇరుకు దారిలో ప్రవహించే చోట 57 అడుగుల ఎత్తున కట్ట వేశారు. కృష్ణదేవరాయల దేవేరి అయిన గజపతి రాకుమార్తె కట్టించినట్లు స్థానిక సంప్రదాయం. దాదాపు 430 చదరపు మైళ్ల పరీవాహకం నుండి వచ్చే నీటికి నేరుగా పారే ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. అంత విశాలమైన పరీవాహకం ఉన్నా వాన తక్కువ ప్రాంతం కనుక చెరువు నిండని ఏళ్లు ఉంటాయి. ఆయకట్టును దానికి తగినట్లే ఉంచారు. 2020లో కంభం, పోరుమామిళ్ల చెరువులు, కర్నూలు-కడప కాలువ అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు పొందాయి.

ఐదవ దోషం ఎలా ఉంటుందో చూడాలంటే మళ్లీ తుంగభద్రకే వెళ్లాలి. డ్యాము వచ్చిన తరువాత ఎడమ కాలువ క్రింద నీటిని ఎక్కువ ఊళ్లకు పలుచగా పంచి, జొన్న, వేరుశెనగ, పత్తి వంటి ఆరుతడి పంటలను కాపాడాలన్నది ప్రణాళిక. 1950ల నుండి గుంటూరు, కృష్ణా, గోదావరి మండలాల రైతులు అక్కడ భూములు కొని, గంగావతి, సింధనూరు పరిసరాలలో క్యాంపులు కట్టుకున్నారు. డెల్టాలో తరతరాలుగా వరి ఎరిగిన చేతులు అవి. నల్లరేగడిని చదును చేసి వరి వేశారు. స్థానిక రైతులు కూడా అదే దారి పట్టారు. గంగావతి కర్ణాటక అన్నపాత్ర అనిపించుకుంది. కాలువ చివరనున్న రాయచూరు, మాన్వి వైపు భూములకు మాత్రం నీరు అందడం కష్టమయింది. ఇక్కడ ఎవరినీ నిందించడం సబబు కాదు. కళ్లెదుట నీరు, మంచి ధర పలికే పంట ఉన్నప్పుడు ఏ రైతైనా చేసే పనే అది. కాని లెక్క మారదు.

ఒక టి.ఎం.సి. అంటే రెండు కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. అది ఏ నష్టమూ లేకుండా మడిలోకే చేరిందనుకుందాం. పంటకాలంలో 1,200 మిల్లీమీటర్ల నీరు తీసుకునే వరి ఆ నీటితో సుమారు 5,800 ఎకరాలలో పండుతుంది. 500 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే జొన్న అయితే 14,000 ఎకరాలలో పండుతుంది. అంటే ఎగువన ఒక ఎకరం జొన్న వరిగా మారితే, దిగువన ఇంచుమించు ఎకరంన్నర జొన్నకు నీరు పోయినట్లే. సాగర్ కుడికాలువ క్రింద సుమారు 11.7 లక్షల ఎకరాలలో మాగాణి, ఆరుతడి అని భూములను వేరుచేసి పెట్టిన ఉద్దేశం ఇదే. మిరప, పత్తి ఆరుతడి పంటలుగా నిలబడినంత కాలం అద్దంకి, దర్శి వైపు నీటికి ఆశ ఉంటుంది. ఎగువ ఆరుతడి చేలలో వరి నాట్లు పడిన ఏడాది చివరి భూముల రైతు మిరప తోటకు ట్యాంకరు నీరు కొనుక్కుంటాడు.

మరి విజయనగర కాలువల క్రింద చెరకు, అరటి, వరి శతాబ్దాలుగా ఎలా సాగాయి? వాటి మొత్తం ఆయకట్టు నేటికీ ముప్పై వేల ఎకరాలకు మించదు. తుంగభద్ర వంటి నదికి అది చాలా చిన్న భారం. వేసవిలో సన్నగిల్లిన ప్రవాహం కూడా ఆ చిన్న కాలువలకు సరిపోయేది. పూర్వులు మనకంటే పొదుపరులని దీనినిబట్టి తేల్చడానికి వీలులేదు. వారు పెద్ద నదికి చిన్న ఆయకట్టు పెట్టారు, నీటిని ధారాళంగా వాడారు. నిజానికి హంపీ లోయలో కనిపించేది ఆరవ దోషపు ఛాయ. నేలమట్టానికి దిగువన కట్టిన ప్రసన్న విరూపాక్షాలయంలో గర్భగుడి దాకా నీరు చేరి ఉండడం సందర్శకులు చూస్తూనే ఉన్నారు. చెరకు, వరి విస్తరించిన పల్లపు చేలలో మురుగు తీయకపోతే చౌడు తప్పదు.

ఊటను ఆపడంలో ఒక మెలిక

ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణ సహాయంతో కర్ణాటక ప్రభుత్వం విజయనగర కాలువల ఆధునికీకరణ చేపట్టింది. పాత ఆనకట్టల మరమ్మతు, కాలువలకు లైనింగు అందులోని ముఖ్యమైన పనులు. లైనింగు వలన కాలువ చివరకు నీరు త్వరగా చేరుతుంది, పల్లపు చేలలో ఊట తగ్గుతుంది. ఇది నిస్సందేహంగా మేలు. అయితే మట్టి కాలువ నుండి ఇంకిన నీరంతా నష్టం కాదు. అందులో కొంత బావులను నింపింది, కొంత దిగువ కాలువలో తిరిగి తేలింది. ఎగువ ఆనకట్ట కారుడును దిగువ ఆనకట్ట పట్టుకున్నట్లే, ఎగువ కాలువ ఊటపై దిగువ పొలాలు ఆధారపడ్డాయి. ఆ ఊట ఎంత, అది ఎవరి బావిలో తేలుతున్నది అన్నది కొలవకుండా కాలువ పొడవునా సిమెంటు వేస్తే, కాగితంపై ఆదా అయిన నీరు మరొకరి బావిలో తగ్గిన నీరు కావచ్చు. గ్రానైటు నేలలో భూగర్భ జలం లోతైన పొరలలో నిలవదు. పగుళ్లలోనూ, పైనున్న చివికిన రాతి పొరలోనూ ఉంటుంది కనుక ఈ మార్పు ఒకటి రెండు వేసవులలోనే తెలిసిపోతుంది.

సాగర్ కుడికాలువ పిల్ల కాలువలకు లైనింగు జరిగే చోట్ల కూడా ఇదే వర్తిస్తుంది. పని మొదలయ్యే ముందు రెండు వేసవులు, పూర్తయిన తరువాత రెండు వేసవులు, కాలువకు ఇరుప్రక్కల కిలోమీటరు లోపు బావుల నీటిమట్టాన్ని, నీటిలోని లవణాలను నెలనెలా నమోదు చేయవలసి ఉంది. దానికి కావలసినది ఒక కొలత టేపు, నీటి లవణాలు చూపే చిన్న మీటరు, బావి గల రైతు సహకారం. కాలువ తల దగ్గర వదలిన నీరు, చివరి తూము దగ్గర చేరిన నీరు రెండూ ఆ పట్టికలోనే ప్రక్కప్రక్కన వ్రాయాలి. ఏ భాగంలో లైనింగు వేయాలో, ఏ భాగంలో మట్టి గట్టును అలాగే ఉంచి మురుగు కాలువ మాత్రం త్రవ్వాలో ఆ అంకెలను చూసి నిర్ణయించవచ్చు.